ఎత్తు కాదు, మలుపు చూడండి

పోయిన సంచికలో థీమ్ పార్కు ఆటల్లో ఒకరు కట్టిన రోలర్ కోస్టర్‌ను ఇంకొకరికి పంపడం గురించి ఓ పాఠకుడికి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. నేను రాయగడలో రైలు పట్టాల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఈ ఆట పిచ్చి నాకు అంటించింది మా మనవరాలు. మౌస్ దాని చేతిలో, పెత్తనం నాది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు నేర్చుకున్న పిల్లలు గుండ్రటి అక్షరాలతో రాసిన కార్డులు చూస్తే ముచ్చటేసింది. ఇక ప్రశ్నల్లోకి పోదాం.

ప్రశ్న: తాతగారూ, బరంపురంలో ఉండే మా బావ ఓపెన్ ఆర్‌సీటీ2లో (రోలర్ కోస్టర్ టైకూన్ రెండో భాగాన్ని ఔత్సాహికులు కొత్తగా రాసిన ఆట) తను కట్టిన కోస్టర్ ఫైలు పంపాడు. తన పార్కులో దానికి ఎక్సైట్‌మెంట్ (ఎంత సరదాగా ఉందో ఆట వేసే మార్కు) 7 దాటిందట. నా పార్కులో పెడితే 6 కూడా రాలేదు. మంచిది దాచుకుని నాకు వేరేది పంపాడేమోనని అనుమానం. (ప్లస్ టూ విద్యార్థి, పర్లాకిమిడి)

జవాబు: బావను అనవసరంగా ఆడిపోసుకోకు బాబూ. ట్రాక్ డిజైన్ ఫైలులో (దాని తోక .టీడీ6 అని ఉంటుంది) పట్టాల ముక్కలు, వాటి వరస, రైళ్ల రంగులు, నడిపే పద్ధతి ఉంటాయి. సేవ్ చేసేటప్పుడు టిక్కు పెడితే చుట్టుపక్కల చెట్లు, బొమ్మలు కూడా వస్తాయి. నేల మాత్రం రాదు. మీ బావ కొండ తొలిచి సొరంగం పెట్టి ఉంటే, చదును నేల మీద నువ్వు దించినప్పుడు ఆ సొరంగం పోయి ఉత్త పట్టా మిగులుతుంది. పక్కనే ఇంకో కోస్టర్, నడక దారి, చెరువు ఉంటే వాటిని రాసుకుంటూ పోయినందుకు ఆట మార్కులు వేస్తుంది. అవీ బావ పార్కులోనే ఉండిపోయాయి.

ఇంకొకటి. సీనరీకి ఇచ్చే మార్కులు ట్రాక్ పొడుగునా చూసి ఇచ్చేవి కావు. స్టేషన్ దగ్గర నుంచి అన్ని వైపులా 5 గళ్ల దూరం ఆట లెక్కపెడుతుంది. అందులో 47 వస్తువుల వరకే లెక్క, 48వ కొబ్బరి చెట్టు అందానికే తప్ప మార్కుకు పనికిరాదు. స్టేషన్ భూగర్భంలో ఉంటే ఇలా లెక్కపెట్టకుండా ఒక మోస్తరు మార్కు స్థిరంగా వేసి ఊరుకుంటుంది. కాబట్టి ముందు స్టేషన్ చుట్టూ మొక్కలు నాటి చూడు. ఆపైన బావను ట్రాక్ ఫైలుతో పాటు మొత్తం పార్కు సేవ్ కూడా పంపమను. రెండూ పక్కపక్కన తెరిచి చూస్తే తేడా ఎక్కడుందో నీకే దొరుకుతుంది.

ప్రశ్న: ఎత్తు పెంచితే ఎక్సైట్‌మెంట్ పెరుగుతుందని 60 మీటర్ల డ్రాప్ (దిగుడు) పెట్టాను. ఇంటెన్సిటీ (ఎంత తీవ్రంగా ఉందో చెప్పే మార్కు) 12 దాటిపోయింది, జనం లైనులోకే రావడం లేదు. ఎత్తు ఎంత తగ్గించమంటారు? (గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎత్తు తగ్గించే ముందు ఒక్కసారి ఆగండి. ఉత్తరాల్లో ఎక్కువమందిది ఇదే బాధ, అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు శిక్ష సంగతి. ఇంటెన్సిటీ 10కి చేరగానే ఆట ఎక్సైట్‌మెంట్‌లో నాలుగో వంతు కోసేస్తుంది. 11 దగ్గర మిగిలినదాంట్లో మళ్లీ నాలుగో వంతు, 12 దగ్గర మళ్లీ. 13.2, 14.5 దగ్గరా కోతలున్నాయి. మీరు మూడు కోతలు తిన్నారు. అంటే నూరు రావలసిన చోట 42 మిగిలింది. జనం రాకపోవడం దీనికి తోడు. వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఇంత ఇంటెన్సిటీ దాకా సరే అనే హద్దు ఉంటుంది, అది దాటితే గేటు దాకా వచ్చి కూడా వెనక్కి తిరుగుతారు.

అయితే ఆ ఇంటెన్సిటీ ఎక్కడ పుట్టింది? దిగుడులో కాదు, దిగుడు తర్వాత వచ్చే మలుపులో. చిన్న లెక్క చూడండి. రాపిడి వదిలేస్తే, కిందికి వచ్చేసరికి రైలు వేగం వర్గం ఎత్తును బట్టి ఉంటుంది. మలుపులో పక్కకు నెట్టే బలం కూడా వేగం వర్గాన్ని బట్టే ఉంటుంది. రెండూ కలిపితే తేలేది ఇది: కింద చదును మలుపులో పక్క నెట్టుడు, జీ లెక్కలో (మన బరువుకు ఎన్ని రెట్లో చెప్పే కొలత), ఎత్తుకు రెండింతల్ని మలుపు వ్యాసార్ధంతో భాగించినంత. 30 మీటర్ల నుంచి దిగి 20 మీటర్ల వ్యాసార్ధం మలుపు తిరిగితే 3 జీ. అదే మలుపుకు 60 మీటర్ల నుంచి దిగితే 6 జీ. వేగం గంటకు 87 కిలోమీటర్ల నుంచి 123కే పెరిగింది, నెట్టుడు మాత్రం రెట్టింపైంది. ఆటలో పక్క జీ 2.8 దాటితే ఇంటెన్సిటీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. 3.1 దాటితే ఎక్సైట్‌మెంట్ సగానికి పడిపోతుంది. ఎత్తు తగ్గించుకుంటూ పోతే ఈ రోగం కుదురుతుంది, కాదనను. కానీ డ్రాప్ వల్ల వచ్చే మంచి మార్కులు కూడా దాంతోనే పోతాయి.

టెస్ట్ నడిపాక గ్రాఫుల పేజీ తెరిచి పక్క జీ గీత చూడండి. ఎక్కడో ఒక చోట తాటిచెట్టులా లేచి ఉంటుంది. మేం పట్టాల మీద చేసిన పనీ ఇలాంటిదే. మలుపులో బయటి పట్టాకు 20 మీటర్ల నైలాన్ దారం బిగించి పట్టుకుని, దారం నడిమధ్యన దారానికీ పట్టాకూ మధ్య ఎంత సందు ఉందో స్కేలుతో కొలుస్తాం. దాన్ని వెర్సైన్ అంటాం. పది మీటర్లు జరిగి మళ్లీ కొలత. వ్యాసార్ధం 500 మీటర్లయితే ప్రతిచోటా 100 మిల్లీమీటర్లు రావాలి. ఒకచోట 140, పక్కన 60 వచ్చిందంటే అక్కడ పట్టా కుంగడమో జరగడమో అయిందన్నమాట. బండిలో కూర్చున్నవాడి టీ ఒలికేది సరిగ్గా అక్కడే. గ్యాంగ్‌మెన్ గడ్డపారలతో ఆ రెండు చోట్లా పట్టాను జరిపి కొలత సమం చేసేవారు. మలుపంతా పీకి మళ్లీ వేసేది లేదు. మీరూ ఆ గీత లేచిన ముక్క ఒక్కటే పట్టుకోండి.

ఆ ముక్క చిన్న మలుపైతే పెద్ద మలుపు పెట్టండి. చదును మలుపైతే ఒరిగిన మలుపు (బయటి పట్టా ఎత్తుగా ఉండేది) వేయండి. చోటు లేకపోతే మలుపుకు ముందు పట్టాను పైకి ఎక్కించండి, ఎక్కుతూ రైలు తనంతట తానే నెమ్మదిస్తుంది. ఎక్కి దిగిన గుట్ట కాబట్టి మార్కులూ వస్తాయి. బ్రేకులు ఆఖరి మందు. కష్టపడి ఎక్కించిన వేగాన్ని బ్రేకుకు ధారపోయడం నాకు మనసొప్పదు.

ఒరిగించడానికి జంకకండి. బ్రాడ్‌గేజి మీద బయటి పట్టాను 165 మిల్లీమీటర్లకు మించి ఎత్తకూడదని మాకు నిబంధన. కారణం, అదే మలుపు మీద ఎక్స్‌ప్రెస్ పరిగెడుతుంది, ఇనుప ఖనిజం గూడ్సూ ఈడ్చుకుంటూ పోతుంది. ఇద్దరికీ సరిపోయేట్టు మధ్యేమార్గం చూడాలి. కోస్టర్‌లో ప్రతి రైలూ ఆ మలుపుకు దాదాపు ఒకే వేగంతో వస్తుంది, ఎంత కావాలంటే అంత ఒరిగించుకోవచ్చు.

ప్రశ్న: బాబాయిగారూ, మా అబ్బాయి కట్టిన కోస్టర్ వాడి పార్కులో బాగానే తిరుగుతోంది. పంపించుకున్న స్నేహితుడి పార్కులో మాత్రం రెండు రైళ్లు స్టేషన్లో గుద్దుకుని పేలిపోయాయట. వాడు అన్నం మానేశాడు. తప్పు ఎవరిది? (ఒక తల్లి, జయపురం)

జవాబు: ఎవరిదీ కాదమ్మా, ముందు వాడికి అన్నం పెట్టు. ఈ ఆటలో అప్పుడప్పుడు స్టేషన్ బ్రేకులు ఫెయిలవుతాయి. ఆ సమయంలో వచ్చే రైలు వేగం తగ్గకుండా స్టేషన్లోకి దూసుకొస్తుంది. లోపల ఇంకో రైలు నిలబడి ఉంటే సరే సరి. మీవాడి పార్కులో ఆ ఫెయిల్యూర్ ఇంకా రాలేదు, స్నేహితుడికి వచ్చింది.

విరుగుడు బ్లాక్ బ్రేకులు. ట్రాక్‌ను సెక్షన్లుగా విడగొట్టి, ఒక సెక్షన్లో ఒకే రైలు ఉండేలా చూస్తాయి. కొత్తవలస–కిరండూల్ లైనులో కోరాపుట్ ఘాట్ ఎక్కే బండ్లు గుద్దుకోకుండా చూసే సూత్రమూ అదే. ముందు బండి సెక్షన్ ఖాళీ చేయందే వెనక బండికి సిగ్నల్ ఇవ్వరు. రైళ్ల సంఖ్య సెక్షన్ల సంఖ్య కంటే కనీసం ఒకటి తక్కువ ఉండాలి, లేకపోతే ఎవరూ కదలలేరు. ఇంకో లాభం కూడా ఉంది. బ్లాక్ పద్ధతిలో ఒకటి కంటే ఎక్కువ రైళ్లు నడిపితే ఆట ఆ బ్రేక్ ఫెయిల్యూర్‌నే తీసేస్తుంది. అంత ఓపిక లేదంటే ఒకే రైలుతో నడపమను, లైను పొడుగైతే అయింది. నలుగురికీ పంచే డిజైన్ అయితే మాత్రం బ్లాకులు పెట్టి పంపడమే మర్యాద.

ప్రశ్న: నేను పంచిన కోస్టర్‌ను ఒకడు అటూ ఇటూ మార్చి తన పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు. పైగా నాదానికంటే బాగుంది. ఏం చేయాలి? (బరంపురం)

జవాబు: బాగుందని ఒప్పుకున్నారు, అదే సగం పరిష్కారం. ఇక మీదట పంపేటప్పుడు ఫైలు పేరులోనే మీ పేరు, మొదటి పాఠం (వెర్షన్) అని వేయండి. మార్చినవాడు రెండో పాఠం అని వేసి, ఏ మలుపు మార్చాడో ఒక వాక్యం రాయాలి. మాకు ప్రతి మలుపుకూ ఒక రిజిస్టర్ ఉండేది. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎంత వచ్చింది, ఎంత జరిపారు, అన్నీ అందులో ఉంటాయి. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముందు ఆ రిజిస్టర్ చదివి గానీ పట్టా ముట్టడు.

నన్నడిగితే తప్పు మీలో కూడా కొంత ఉంది. ఉత్త ఫోటో పంపి “ఎలా ఉంది?” అంటే “సూపర్ భాయ్” తప్ప ఏం వస్తుంది? ఫైలుతో పాటు ఎక్సైట్‌మెంట్, ఇంటెన్సిటీ, నాసియా (కడుపులో తిప్పే మార్కు), ఎక్కువలో ఎక్కువ పక్క జీ, ఈ నాలుగు అంకెలు రాయండి. మీకు ఎక్కడ నచ్చలేదో చెప్పండి, “రెండో హెలిక్స్ (స్ప్రింగులా చుట్టు తిరిగే పట్టా) తర్వాత రైలు నీరసపడుతోంది” అని. సరిచేసేవాడు ఒక విడతలో ఒకటే మార్చి టెస్ట్ నడపాలి. అయిదు మార్చి మార్కు పెరిగిందంటే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

ప్రశ్న: నా రైలు లూపు సగం ఎక్కి వెనక్కి జారుతోంది. నిజం కోస్టర్‌లో అయితే కింద పడిపోతారా? (కోరాపుట్)

జవాబు: పడరు. చక్రాలు పట్టా పైనే కాదు, పక్కనా కిందా కూడా ఉంటాయి. పట్టా కింద పట్టే చక్రానికి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. అందుకే వెనక్కి జారుతుంది గానీ ఊడిపడదు. గుండ్రటి లూపు అయితే పైన మనిషి సీటుకు అంటుకుని ఉండాలంటే, దిగుడు ఎత్తు లూపు వ్యాసార్ధానికి రెండున్నర రెట్లు ఉండాలి. రాపిడికి ఇంకాస్త కలుపుకోండి. 20 మీటర్ల ఎత్తున్న లూపుకు (వ్యాసార్ధం 10 మీటర్లు) కనీసం 25 మీటర్లన్నమాట.

నిజం లూపులు గుండ్రంగా ఉండవు, కోడిగుడ్డును నిలబెట్టినట్టు ఉంటాయి. గుండ్రటి లూపులోకి దూరగానే జీ ఒక్క దెబ్బలో పెరిగి మెడలు పట్టేస్తాయి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్‌కు వెర్నర్ స్టెంగెల్ క్లోథాయిడ్ లూపు గీశాడు. అడుగున విశాలంగా మొదలై పైకి పోయేకొద్దీ బిగుస్తుంది. సూటి పట్టా నుంచి మలుపులోకి బండిని మెల్లగా తీసుకెళ్లడానికి రైల్వేలో మేం వేసే ట్రాన్సిషన్ కర్వు వెనకున్న ఆలోచనా ఇదే. మాది క్యూబిక్ పారబోలా అనే ఇంకో రకం వంపు, అంతే తేడా.

ప్రశ్న: ప్లానెట్ కోస్టర్ నా పాత ల్యాప్‌టాప్‌లో లేవడం లేదు. (రాయగడ)

జవాబు: లేవదు. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. 2016లో వచ్చిన ఆట అది. అందులో పట్టాను మైనంలా వంచుకోవచ్చు, డిజైన్లు స్టీమ్ వర్క్‌షాప్‌లో (ఆటగాళ్లు తమ డిజైన్లు పెట్టుకునే ఆన్‌లైన్ చోటు) పంచుకోవచ్చు. పాత మెషిన్ ఉన్నవాళ్లకు రోలర్ కోస్టర్ టైకూన్ ఉండనే ఉంది. క్రిస్ సాయర్ 1999లో తెచ్చిన మొదటి ఆట చాలావరకు అసెంబ్లీ భాషలో (యంత్రానికి బాగా దగ్గరగా ఉండే ప్రోగ్రామింగ్ భాష) రాసినది, అందుకే అంత తేలిక. రెండో భాగం 2002లో వచ్చింది. దాన్నే ఓపెన్ ఆర్‌సీటీ2 అని ఔత్సాహికులు 2014 నుంచి కొత్తగా రాసుకొస్తున్నారు. ఉచితమే, కానీ లోపలి బొమ్మల కోసం అసలు ఆట కొని ఉండాలి.

ప్రశ్న: సెలవులకు పూణేలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నాం. దగ్గర్లో నిజం కోస్టర్ ఉందా? చూసి ఏం నేర్చుకోవాలి? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, గుణుపురం)

జవాబు: ఖోపోలీ దగ్గర ఇమాజికా ఉంది. అక్కడ నైట్రో అనే ఫ్లోర్‌లెస్ కోస్టర్ చూడు. లూపుల దగ్గర అందరూ నోరు తెరుచుకుని నిలబడతారు, నువ్వు ముందు పక్కగా నిలబడి మలుపుల్లో పట్టా ఏ మేరకు ఒరిగిందో చూడు. ఒరుగుడు మలుపులో మొదలవుతుందా, మలుపుకు ముందే మొదలవుతుందా అన్నది గమనించి నాకు రాయి. ఆ తర్వాత ఎక్కు. కాళ్ల కింద నేల ఉండని బండి అది తల్లీ, వదులు చెప్పులు వేసుకెళ్లకు.