తలుపు వేసుకుని ప్రార్థించండి

గుంటూరు నుంచి ఒక సోదరి రాశారు: "మా ఆయన మిర్చి యార్డులో గుమస్తా. 11 ఏళ్లుగా తాగుతున్నారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆయన కోసం ప్రార్థన చేస్తాను. అలాగైనా గుండె కరుగుతుందని వినబడేలా గట్టిగానే చేస్తాను. శుక్రవారం ఉపవాసం. ఏ మార్పూ లేదు. కూడికలో ఆడవాళ్లు నీ విశ్వాసం చాలడం లేదమ్మా అంటున్నారు. విసుగొచ్చేసింది. మానేస్తే పాపమా? మొన్న ఆదివారం కూడా నన్ను బండి మీద గుడి దాకా దింపి, గేటు దగ్గర నుంచే వెళ్లిపోయారు."

అమ్మా, విసుగు రావడం పాపం కాదు. లూకా 18లో విధవరాలి ఉపమానం మొదలయ్యేదే 'విసుకక' ప్రార్థించాలన్న మాటతో. మనకు విసుగొస్తుందని తెలిసే కదా ఆ ఉపమానం! ఇక విశ్వాసం సంగతి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థన మీదే ఆధారపడి వేలమంది అనాథలను సాకిన జార్జ్ ముల్లర్, 1844 నవంబరులో ఐదుగురి మారుమనసు కోసం ప్రార్థన మొదలుపెట్టారు. మొదటి మనిషి మారడానికే ఏడాదిన్నర పట్టింది. 36 ఏళ్ల తర్వాత కూడా ఇద్దరి కోసం ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు. ఆయనకు విశ్వాసం చాల్లేదని మీ కూడికలో ఎవరైనా అంటారేమో అడగండి.

నాకు గుచ్చుకున్నది 'వినబడేలా' అన్న మాట. "ప్రభువా, ఈ తాగుబోతును మార్చు" అని పక్క గదిలో గట్టిగా అంటే ముందు వినేది మీ ఆయనే. ఆయన చెవికి అది సణుగుడే. దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుని ఉంటారు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి 6లో ప్రభువు చెప్పింది ఊరికే కాదు. కూడికలో కూడా ఆయన తాగుడును ప్రార్థన అంశంగా చెప్పకండి. ఇక్కడ చెప్పిన మాట సాయంత్రానికి యార్డులో హమాలీల దాకా వెళ్తుంది, మన గుంటూరు సంగతి మీకు తెలియనిదా?

అలాగని ఓర్చుకోవడమంటే అన్నీ భరించడం కాదు. ఆయన తాగి చేసిన అప్పులు గుట్టుగా తీర్చకండి. ఓనరుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పకండి. చేయి చేసుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, అది విశ్వాసం తప్పడం కాదు. ఇంకో ముఖ్యమైన మాట: ఇన్నేళ్ల తాగుడును ఒట్టు వేయించి ఒక్కరోజులో మానిపించాలని చూడొద్దు. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానాలి. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి మీరే ఫోన్ చేసి మాట్లాడండి, తెలుగులోనే చెబుతారు. మార్కు 2లో పక్షవాయువు మనిషిని యేసు దగ్గరికి చేర్చడానికి ఆ నలుగురూ ఇంట్లో కూర్చుని ప్రార్థించలేదు, మంచంతో సహా మోసుకెళ్లి కప్పు విప్పి దించారు.

ఆదివారం గేటు దగ్గర నుంచే వెళ్లిపోయారని ఫిర్యాదులా రాశారు. ఈ 11 ఏళ్లలో ఆయన గేటు దాకా రావడం ఎన్నోసారి? ఈ వారం మళ్లీ దింపితే లోపలికి రమ్మని బతిమాలకండి. ఆరాధన ఎన్నింటికి అయిపోతుందో చెప్పి, "తీసుకెళ్లడానికి వస్తారా?" అని మాత్రం అడగండి.