మీరు వెతుకుతున్న పూల తోటల సినిమా ఇదే

పూల తోటల మధ్య పరుగెత్తే ఇద్దరు స్నేహితులు, వారిలో ఒకడు ఐస్ హాకీలో చేరడం: ఇవి చెప్పి సినిమా పేరేమిటని అడిగారు. ఈ గుర్తులు చాలండీ, అది ‘క్లోజ్’. బెల్జియం దర్శకుడు లుకాస్ డోంట్ తీశారు. 2022 కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ అనే పురస్కారం అందుకుంది. మాటలు ఎక్కువగా ఫ్రెంచిలోనే, సబ్‌టైటిళ్లు తప్పవు.

పన్నెండేళ్ల బాబుకు చూపించవచ్చా అన్నారు. ముందు మీరొక్కరే చూడండి. హాకీలో చేరిన లియో, తోటి పిల్లల ఎగతాళికి జంకి తన స్నేహితుడు రెమీకి దూరం జరుగుతాడు. సినిమా సగంలోనే రెమీ ఆత్మహత్య చేసుకుంటాడు. దాన్ని తెరపై చూపరు. విహారయాత్ర నుంచి తిరిగివచ్చాక, బస్సులో లియోకు తెలుస్తుంది. నాకైతే అంతకన్నా బరువుగా అనిపించినవి, రెమీ తల్లి ఎదుట లియో నోరు విప్పలేకపోయే సన్నివేశాలు. చూపించదలిస్తే పగటిపూట, మీరు పక్కన కూర్చుని చూపించండి.