ఈసీఈ సీటు రద్దు చేసుకోకు బిడ్డా

బిడ్డా,

ఎప్‌సెట్ ర్యాంకు మీద సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో నీకు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్తుంటే వాడి గొంతు వణికింది. మన ఇంట్లో మొదటి ఇంజనీరువి నువ్వే. అంత సంతోషంలోనే, “అది రద్దు చేసుకుని స్పాట్‌లో సీఎస్ఈ (కంప్యూటర్స్) తీసుకుంటదట” అన్నాడు. ఇక నాకు నిద్రెక్కడిది?

సర్కారు ఫీజు కట్టాలంటే ఈపాస్ వెబ్‌సైట్లో పెట్టాల్సిన దరఖాస్తు నువ్వే చేసుకోగలవు. ఆదాయ సర్టిఫికెట్‌కు మీసేవలో ఇప్పుడే పెట్టు. పల్లెలో ఉండే బీసీలకు ఏడాది ఆదాయం 1,50,000 మించకూడదు. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకటే ఉండాలి. హాజరు 75 శాతం. ఏటా రెన్యువల్ మరిచిపోకు.

స్పాట్ సంగతే నా భయం. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీయే నింపుకుంటుంది, అదే స్పాట్. నేను కాలేజీలో స్కాలర్‌షిప్ ఫైళ్లు చూసే రోజుల్లో ఒక కుర్రాడు ఇట్లాగే కన్వీనర్‌లో వచ్చిన మెకానికల్ వదిలేసి, అదే కాలేజీలో స్పాట్ కింద కంప్యూటర్స్‌లో చేరాడు. కాలేజీ మారలేదు కదా, ఫీజు సర్కారే కడుతుందనుకున్నాడు. మేనేజ్‌మెంట్ కోటాకు రానట్టే స్పాట్ సీటుకూ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. నోటిఫికేషన్లో ఆ ముక్క ఉంటుంది, చదివేవాళ్లే ఉండరు. వాళ్ల నాన్న హమాలీ. కిటికీ దగ్గరికొచ్చి “మావాడి పేరు లిస్టులో లేదేంది సారూ” అని అడిగేవాడు. చెప్పినా ప్రతి ఏడాదీ మళ్లీ వచ్చేవాడు. పిల్లాడు అన్నీ పాసయ్యాడు, ఉద్యోగమూ వచ్చింది. ఒరిజినల్స్ మాత్రం బాకీ కింద కాలేజీ బీరువాలో ఉండిపోయాయి. చేరాల్సిన తేదీ దాటిపోయింది.

సీఎస్ఈ మీద అంత మనసుంటే కన్వీనర్ ఆన్‌లైన్లో జరిపే ఇంటర్నల్ స్లైడింగ్‌కు, అంటే అదే కాలేజీలో బ్రాంచి మార్పుకు, ఆప్షన్ పెట్టుకో. “మేమే మార్పిస్తాం” అని కాలేజీవాళ్లు తెచ్చే కాగితం మీద సంతకం పెట్టావో, నా చేతిలో అయిపోతావు.

నీ ర్యాంకు 10,000 దాటింది కాబట్టి సర్కారు ఏడాదికి ఇచ్చేది 35,000 వరకే. మిగతాది మీ నాన్న కట్టాలి. అడిగితే “ఉన్నయ్‌లే” అంటాడు. చిన్నప్పటి నుంచీ వాడంతే, లేదనడం రాదు. సర్కారు బకాయిలు ఆలస్యమై కాలేజీ నిన్నే కట్టమంటే, వాడు వడ్డీకి తేకముందే నాకు చెప్పు.

రద్దు ఫారం నింపేశావా? ఇచ్చే ముందు ఒక్క ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ పెద్దనాన్న