ఓడ ఎక్కనివాళ్ళ సంగతి

జయపురం, ఒడిశా

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. పర్లాకిమిడి నుంచి ఇక్కడికి కవరు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. నా కళ్ళ పుణ్యమా అని చదవడానికి ఇంకో మూడు రాత్రులు. అఫ్గానిస్తాన్‌లో అమెరికా సైన్యం ఉండాల్సిందా, వెనక్కి రావాల్సిందా అని పద్నాలుగు పేజీలు రాశావు. ఏడు పేజీలు ఉండాలని, ఏడు పేజీలు రావాలని. ఆఖర్న "కాలమే తీర్పు చెబుతుంది" అని చేతులు దులుపుకున్నావు. ఆ తీర్పేదో కాలమే చెప్పేస్తే ఇంత కాగితం ఎందుకమ్మా? ఏదో ఒక పక్కన నిలబడి రాయి. తప్పు పక్కన నిలబడినా పరవాలేదు. నేను రెండుసార్లు నిలబడ్డాను.

నువ్వు పుట్టకముందు సంగతి. 1987 జులై 29న కొలంబోలో మనకీ శ్రీలంకకీ మధ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. శాంతిని కాపాడతామని మన సైన్యం శ్రీలంక వెళ్ళింది. అక్టోబరు కల్లా అక్కడ వేరే తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ పులులతో యుద్ధమే చేస్తోంది. రెండేళ్ళు తిరిగేసరికి, 1989 జూన్‌లో, అక్కడి అధ్యక్షుడు ప్రేమదాస మన సైన్యాన్ని వెళ్ళిపొమ్మన్నాడు. అప్పుడు నేను రోషంగా ఒక వ్యాసం రాశాను. ఇప్పుడు వెనక్కి వస్తే పోయిన ప్రాణాలన్నీ వృథా అయిపోతాయి, నిలబడాల్సిందే అని. ఇక్కడి లైబ్రరీలో చదివి వినిపిస్తే చప్పట్లు కూడా కొట్టారు.

బయటికొచ్చాక ఒకాయన టీ తాగుదాం రమ్మన్నాడు. పక్క ఊరి రైతు. సైన్యంలో ఉన్న పెద్దకొడుకు శ్రీలంకలో జాఫ్నా దగ్గర పోయాడని నాకు తెలుసు. వ్యాసం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. టీ సగం తాగి, "మీ సిన్నోడు ఏటి సదువుతున్నాడు మేస్టారూ?" అన్నాడు. ఇంటర్ అన్నాను. "మంచిది" అని టీ డబ్బులు తనే ఇచ్చి బస్సెక్కాడు.

మామూలు పలకరింపే అనుకున్నాను. రాత్రి పడుకున్నాక గానీ తగల్లేదు. నా వ్యాసం నిలబడాలంటే ఇంకా కొందరు కుర్రాళ్ళు పోవాలి. వాళ్ళలో నా ఇంటివాడు లేడు.

పేకాటలో పోయిన సొమ్ము రాబట్టుకోవాలని ఇల్లు తాకట్టు పెట్టినవాణ్ణి చూసి నవ్వుతాం. దేశం అదే పని చేస్తే త్యాగం అంటాం. నీ వ్యాసంలో నాలుగో పేజీ అంతా ఇదే. వియత్నాంలో 58 వేలమందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. వాళ్ళలో 20 వేల పైచిలుకు 1969 నుంచి పోయినవాళ్ళు, అంటే వాళ్ళ ప్రభుత్వమే ఇక వచ్చేస్తాం అనడం మొదలుపెట్టాక. ఊరికే రాకూడదు, పరువుతో రావాలి అన్న పట్టింపుకి అయిన ఖర్చు అది. వియత్నాం వాళ్ళు లక్షల్లో పోయారు. నువ్వు వియత్నాం పేరెత్తావు గానీ వాళ్ళ లెక్క మాత్రం వదిలేశావు.

ఇక నా రెండో తప్పు. 1990 మార్చి 24న శ్రీలంకలోని ట్రింకోమలి రేవు నుంచి మన ఆఖరి ఓడ బయల్దేరింది. సుమారు 1,200 మంది సైనికులు ప్రాణాలతో రాలేదు. ఈసారి నేను అటు నుంచి ఇటు దూకి, యుద్ధం అయిపోయిందని సంబరంగా రాసేశాను. అయిపోయింది మనకి. అక్కడ అది 2009 దాకా సాగింది.

మన సైన్యం అండ చూసుకుని అక్కడి ఈశాన్య ప్రాంతంలో ప్రభుత్వం నడిపిన తమిళులు కొందరున్నారు. సైన్యం కదిలితే పులులు తమని బతకనివ్వరని వాళ్ళకి తెలుసు. వీలైనవాళ్ళు పెళ్ళాం పిల్లలతో ఓడెక్కారు. వాళ్ళలో కొందరిని తెచ్చి ఎక్కడ దించారో తెలుసా? మన మల్కన్‌గిరిలో. అప్పట్లో అది మా కోరాపుట్ జిల్లాలోదే. సముద్రం పక్కన పుట్టినవాళ్ళని అడవిలో పెట్టారు. ఒకసారి పనిమీద వెళ్ళి సంతలో ఒకావిడని చూశాను. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, ధర అడిగి, మళ్ళీ కుప్పలో పెట్టేసింది. ఇంకోటి తీసి అదీ ఆడించి పెట్టేసింది. దుకాణంవాడు మన తెలుగువాడే, విసుక్కున్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టి కూడా ఊరుకున్నాను. ఎందుకో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సైన్యం రావాలన్నదే ఈనాటికీ నా మాట. అందులో మార్పు లేదు. కానీ రావాలి అని రాసేవాడు, మనల్ని నమ్మినవాళ్ళని ఏం చేద్దాం అన్నది కూడా అదే పేజీలో రాయాలి. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయంలో కదులుతున్న విమానం వెంట జనం పరిగెత్తారే, దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీ పద్నాలుగు పేజీలూ అక్కడే మొదలవ్వాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. "బలగాల ఉపసంహరణ అనివార్యం" అని ఆరుచోట్ల రాశావు. మీ అమ్మగారు అలా అంటారా? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరమ్మా మీది, కాస్త మొహమాటపడు. ఇంకోటి, అమెరికా సంగతి రాస్తూ మధ్యలో "మనం" అని జారావు. టీవీ ఎక్కువ చూస్తున్నావేమో.

ఉత్తరంలో మీ వీధి చివర రిటైరైన హవల్దారు ఉన్నాడనీ, ట్రింకోమలిలో పనిచేశాడనీ ఒక ముక్క రాశావు. వ్యాసం మొత్తంలో ఆయన లేడు. ఈ ఆదివారం వెళ్ళు. సైన్యం రావడం మంచిదా కాదా అని మాత్రం అడక్కు, పేపర్లో చదివిందే చెబుతాడు. అక్కడ ఏం తిన్నారో, బట్టలు ఎవరు ఉతికారో అడుగు. మెల్లగా, తమిళం రాని మన జవాన్లకి ఊళ్ళల్లో మాటలు తర్జుమా చేసిపెట్టిన మనిషి ఎవరో అడుగు. ఆయన ఓడ ఎక్కాడో లేదో కూడా.

ఇట్లు,
మీ మాస్టారు