వైటాన్ అన్నిటికీ తట్టుకుంటుందా? రబ్బరు సీళ్లపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది పాశమైలారంలో మందుల ముడిపదార్థాలు తయారుచేసే చిన్న బల్క్ డ్రగ్ యూనిట్. ఒకే స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్.ఎస్.) రియాక్టర్‌లో సాల్వెంట్‌గా, అంటే కరిగించే ద్రవంగా, ఒక ఉత్పత్తికి యాసిటోన్, మరొక దానికి టోలుయీన్ వాడతాము. ఉత్పత్తి మారినప్పుడల్లా వేడి కాస్టిక్ సోడా ద్రావణంతో కడుగుతాము. ఖరీదు ఎక్కువైనా ఫరవాలేదని మ్యాన్‌హోల్‌కూ, అడుగు వాల్వుకూ వైటాన్ రబ్బరు ఓ-రింగులే (కారకుండా గాడిలో కూర్చోబెట్టే గుండ్రని రింగులు) వేయించాము. కొన్ని ఉబ్బి గాడిలో నుంచి బయటికి తన్నుకొస్తున్నాయి, మరికొన్ని గట్టిపడి పగులుతున్నాయి. మాకు నకిలీ సరుకు అంటగట్టారా? అసలు ఏ రబ్బరు వేయాలి?
— మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్

సమాధానం: సరుకు నకిలీది కానక్కరలేదు. అసలైన వైటాన్‌కు కూడా యాసిటోన్‌లో ఇదే గతి పడుతుంది. ఎఫ్.కె.ఎం. అనే ఫ్లోరిన్ రబ్బరును డ్యూపాంట్ కంపెనీ 1957లో వైటాన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. పెట్రోలు, డీజిలు, టోలుయీన్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 200 డిగ్రీల దాకా పొడి వేడి వంటి వాటిని అది బాగా తట్టుకుంటుంది కాబట్టే దానికి అంత పేరు వచ్చింది. అయితే యాసిటోన్, ఎం.ఇ.కె. వంటి కీటోన్లకూ, ఇథైల్ అసిటేట్ వంటి ఎస్టర్లకూ, ఎమైన్లకూ, వేడి కాస్టిక్‌కూ సాధారణ రకం వైటాన్ పనికిరాదు. ధర ఎక్కువైనది అన్నిటికీ తట్టుకుంటుందనే నమ్మకంతో ఇండెంట్‌లో (కొనుగోలు కోరే చీటీలో) ‘వైటాన్’ అని ఒక్క మాట రాసి పంపే అలవాటు మన యూనిట్లలో పోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మీ రింగుల్లో కనిపిస్తున్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఉబ్బడానికి కారణం యాసిటోన్. వైటాన్ అణువుకూ యాసిటోన్ అణువుకూ ధ్రువ స్వభావం ఉండటం వల్ల ఆ ద్రవం రబ్బరు లోపలికి చొరబడుతుంది. రబ్బరును గట్టిపరిచే వల్కనైజేషన్‌లో దాని గొలుసుల మధ్య పడిన అడ్డబంధాలు ఉన్నందున రబ్బరు కరిగిపోలేక, ద్రవాన్ని పీల్చుకుంటూ ఘనపరిమాణంలో రెండింతలు కూడా దాటగలదు. గాడిలో అంత చోటు ఉండదు కనుక రింగు అంచుల వద్ద నలిగి, తెగి, బయటికి వస్తుంది. ఆరబెడితే అది చాలావరకు మళ్లీ చిన్నదవుతుంది గానీ, ఒకసారి తెగిన అంచు అతకదు. పగుళ్లు కాస్టిక్ చేసిన పని. వేడి క్షారం రబ్బరు గొలుసులోని హైడ్రోజన్‌నూ ఫ్లోరిన్‌నూ లాగివేసి, గొలుసు నిర్మాణాన్నే మార్చివేస్తుంది. రబ్బరు గట్టిపడి, నొక్కితే చిట్లుతుంది. ఇది రసాయనిక మార్పు కాబట్టి ఆరబెట్టినా తిరిగిరాదు. రియాక్టర్‌లో నడిచే సాల్వెంట్‌ను చూసి రబ్బరును ఎంచుకుని, కడిగే ద్రావణాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల చెడిపోయే సీళ్లు తక్కువేమీ కాదు.

ఇక ఏది వేయాలన్న సంగతి. యాసిటోన్, కాస్టిక్ మాత్రమే ఉండి ఉంటే ఇ.పి.డి.ఎం. రబ్బరు చక్కగా సరిపోయేది. పెరాక్సైడ్‌తో క్యూర్ చేసిన (గట్టిపరిచిన) రకమైతే ఆవిరిని కూడా తట్టుకుంటుంది, ధర కూడా వైటాన్ కంటే చాలా తక్కువ. కానీ టోలుయీన్‌లో, హెక్సేన్‌లో, ఏ మినరల్ ఆయిల్‌లోనైనా ఇ.పి.డి.ఎం. కూడా, యాసిటోన్‌లో వైటాన్ ఉబ్బినట్లే ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరు నూనెలకు మంచిదే గానీ యాసిటోన్‌కూ టోలుయీన్‌కూ రెండింటికీ ఆగదు. కాబట్టి మీ రియాక్టర్‌లోని మూడు ద్రవాలకూ తట్టుకునే మామూలు రబ్బరు ఒక్కటీ లేదు.

మీకు మిగిలేవి రెండు దారులు. మ్యాన్‌హోల్ వంటి కదలిక లేని చోట, లోపల రబ్బరు ఉండి పైన టెఫ్లాన్ జాతికి చెందిన ఎఫ్.ఇ.పి. లేదా పి.ఎఫ్.ఎ. తొడుగు ఉన్న ఓ-రింగులు గానీ, టెఫ్లాన్ కవరు తొడిగిన ఎన్వలప్ గాస్కెట్లు గానీ వాడవచ్చు. టెఫ్లాన్ జాతి పదార్థాలను మీరు చెప్పిన మూడు ద్రవాలూ ఏమీ చేయలేవు. అయితే వాటికి రబ్బరుకున్న సాగుడు లేదు, ఒత్తిడి కింద నెమ్మదిగా జారిపోయే గుణం మాత్రం ఉంది. అందువల్ల టెఫ్లాన్ గాస్కెట్ వేసినప్పుడు బోల్టులను ఎదురెదురుగా, సమానంగా బిగించి, మొదటిసారి వేడెక్కి చల్లారిన తరువాత, రియాక్టర్‌లో ఒత్తిడి లేనప్పుడు మరొకసారి బిగింపు సరిచూడాలి. తొడుగు ఓ-రింగును మడిచినా, స్క్రూడ్రైవర్‌తో గాడిలోకి నెట్టినా తొడుగుపై గీత పడి, ద్రవం లోపలి రబ్బరును చేరుతుంది. అలాంటి రింగును తీసివేయాల్సిందే.

షాఫ్టు వద్ద ఉండే మెకానికల్ సీల్ వంటి కదిలే భాగాల్లో, అడుగు వాల్వులో తొడుగు రింగులు నిలవవు. అక్కడ ఎఫ్.ఎఫ్.కె.ఎం. అనే పెర్‌ఫ్లోరో రబ్బరు తప్పదు. దాని ధర వైటాన్ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి ఆ రెండు మూడు చోట్లకే పరిమితం చేయండి. పర్చేజ్ విభాగం అభ్యంతరం చెబితే ఒక్క సంగతి గుర్తుచేయండి: యాసిటోన్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరికి నిప్పు అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) సున్నాకు దాదాపు 20 డిగ్రీలు కింద ఉంటుంది, అంటే మన ఊళ్లలో ఏ కాలంలోనైనా కారిన యాసిటోన్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. సీలు కారడం అంటే సరుకు నష్టం ఒక్కటే కాదు, షిఫ్టులో ఉన్నవారి ప్రాణాలకు ముప్పు.

ఏ రబ్బరు కొన్నా బిగించే ముందు మీ ద్రవంలోనే పరీక్షించండి. ద్రవాల్లో రబ్బరు ప్రవర్తనను పరీక్షించే పద్ధతిని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3400లోని 6వ భాగం వివరిస్తుంది. మీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద, చిన్నపాటి పరీక్ష కూడా చేయవచ్చు. రింగు ముక్కను తూచి, మందం కొలిచి, మూత బిగించిన గాజు సీసాలో ఆ ద్రవంలో వారం రోజులు ఉంచండి. తీసిన వెంటనే తుడిచి మళ్లీ తూచి, కొలవండి. ఘనపరిమాణం 10 శాతం పెరిగితే మందం సుమారు 3 శాతమే పెరుగుతుంది కనుక కంటి చూపును నమ్మకుండా వెర్నియర్ వాడండి. కదిలే సీలుకు ఆ 10 శాతం దాటడం మంచిది కాదు. కదలని సీలుకు గాడిలో చోటును బట్టి ఇంకొంత ఓర్చుకోవచ్చు. తరువాత ముక్కను పూర్తిగా ఆరబెట్టి మూడోసారి తూచండి. మొదటి బరువు కంటే తగ్గితే రబ్బరులో కలిపిన మెత్తబరిచే నూనెలను సాల్వెంట్ లాగేసిందని అర్థం. అలాంటి సీలు, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య రియాక్టర్ ఖాళీగా ఉన్నప్పుడు కుంచించుకుపోయి, మళ్లీ నింపగానే కారడం మొదలుపెడుతుంది.

ప్రశ్న: నల్లని ఓ-రింగులన్నీ ఒకేలా ఉంటాయి. దుకాణంలో ఇచ్చినది వైటానో, నైట్రైలో తెలుసుకోవడం ఎలా? కాల్చి చూడమని ఒకరు చెప్పారు.
— అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: దయచేసి కాల్చవద్దు. ఫ్లోరిన్ రబ్బరు 300 డిగ్రీలు దాటి కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడుతుంది. అది ఊపిరితిత్తులనూ చర్మాన్నీ తీవ్రంగా గాయపరుస్తుంది. అగ్నిప్రమాదం తరువాత కాలిన సీళ్లను ఉత్త చేతులతో ముట్టుకోకూడదన్నది కూడా ఇందుకే. రంగును కూడా నమ్మకండి, గోధుమ రంగైనా ఆకుపచ్చైనా కలిపిన పొడి వల్ల వచ్చేదే.

సాంద్రత చూడటం తేలిక. బంగారం తూచే ఎలక్ట్రానిక్ త్రాసుపై నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. ముందే విడిగా తూచిన రింగును సన్నని దారంతో, అడుగు తగలకుండా, నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు చూపే గ్రాములే రింగు ఘన సెంటీమీటర్లు. రింగు బరువు 2.20 గ్రాములై, త్రాసు 1.20 చూపితే సాంద్రత 1.83 అవుతుంది. సాధారణంగా వైటాన్ 1.8 దాటుతుంది, నైట్రైల్ 1.2 నుంచి 1.3 మధ్య, ఇ.పి.డి.ఎం. ఇంకొంచెం తక్కువగా ఉంటాయి. రింగుకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది; నీటిలో ఒక చుక్క సబ్బు కలపండి. బరువైన పొడులు కలిపి సాంద్రత పెంచే వీలు ఉంది కాబట్టి, సాంద్రత తక్కువగా వచ్చినది వైటాన్ కాదని చెప్పవచ్చు గానీ, బరువుగా ఉన్నంత మాత్రాన వైటానే అనుకోకూడదు. దానికి బ్యాచ్ నంబరుతో తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్ అడగండి.

ప్రశ్న: బ్రేక్ మాస్టర్ సిలిండర్ విప్పి, లోపలి రబ్బరు కప్పులను (సీళ్లను) పెట్రోలుతో కడిగి బిగించాను. బ్రేకులు పట్టేసి వదలడం లేదు. కొత్త కప్పులే కదా, ఎందుకిలా?
— ఖమ్మం నుంచి ఒక మెకానిక్

సమాధానం: పెట్రోలే కారణం. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ పేరుకు ఆయిల్ అయినా గ్లైకాల్ జాతి ద్రవం. దానికి తగినట్లుగా కప్పులను ఇ.పి.డి.ఎం. లేదా ఎస్.బి.ఆర్. రబ్బరుతో చేస్తారు. ఇవి పెట్రోలు, డీజిలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బుతాయి. ఉబ్బిన కప్పు, ద్రవం ట్యాంకులోకి తిరిగివెళ్లే సన్నని రంధ్రాన్ని మూసేయడంతో ఒత్తిడి లోపలే ఉండిపోయి బ్రేకులు పట్టేస్తాయి. ఆ కప్పులు ఆరినా మళ్లీ వాడకుండా, కొత్తవి తెచ్చి తాజా బ్రేక్ ఆయిల్‌తోనే కడిగి బిగించండి. ట్యాంకులోనే పొరపాటున ఇంజన్ ఆయిల్ పోసి ఉంటే, సిస్టమ్ మొత్తం కడిగి, చక్రాల సిలిండర్ల కప్పులు, కాలిపర్ సీళ్లు, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చిన తరువాతే బండిని రోడ్డు ఎక్కించాలి.