రాకాసి గుళ్ళా, రాకాసి గూళ్ళా?

సందేహం: మా ఊరి గుట్ట దగ్గర పెద్ద పెద్ద బండలతో కట్టిన పాతకాలం సమాధులున్నాయి సార్. రాకాసి గుళ్ళు అంటాం. కొందరు గూళ్ళు అని రాస్తున్నారు, ఏది కరెక్ట్? పక్కూళ్ళో తవ్వితే విడివిడి ఎముకలు దొరికాయి, పేపర్లో మాత్రం "సిస్ట్ సమాధిలో అస్తిపంజరం" అని వేశారు.

సమాధానం: గుడి, గూడు రెండూ మంచి తెలుగు మాటలే, కానీ బహువచనంలోకి వచ్చేసరికి తేడా ఒక్క దీర్ఘమే, మాట్లాడేటప్పుడు అది సరిగ్గా వినపడదు, అందుకే ఈ గొడవంతా. తేల్చుకోవాలంటే మీ ఊళ్ళో పెద్దవాళ్ళని బహువచనం అడక్కండి, ఆ బండల మధ్య మేకపిల్ల దూరితే ఎక్కడ దూరింది అంటారో వినండి. గుళ్ళో అంటే గుడి, గూట్లో అంటే గూడు. మాట మీరు అందించొద్దు, వాళ్ళ నోటినుంచే రావాలి.

అర్థం చూస్తే రెండూ కుదురుతాయి. చిత్తూరు వైపు ఇలాంటివాటినే పాండవ గుళ్ళు అంటారు. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో తవ్వినప్పుడు పైకప్పు బండ ఒక్కటే 40 టన్నులకు పైన ఉంది, క్రేన్ పెట్టి ఎత్తాల్సొచ్చింది, అలాంటిది చూసినవాళ్ళు మామూలు మనుషుల పని కాదు, రాక్షసులో పాండవులో కట్టుంటారు అనుకోవడం సహజమే కదా. ఇక గూడు అంటారా, నాలుగు వైపులా పలకలు, పైన మూత, మధ్యలో ఇరుకు చోటు, దీపం గూడు లాంటిదే. మీ ఊరి వాడుక ఏదైతే అదే రాయండి, ఇంకో ఊరి మాట తెచ్చి దిద్దక్కర్లేదు.

కానీ ములుగు జిల్లా దామరవాయిలో లాగా నేలమీద కనపడేవాటికి ఈ పేరు సరిపోతుంది గానీ, భూమిలో పూడ్చి పైన గుండ్రంగా రాళ్ళు పేర్చినవాటిని రాతిపెట్టె సమాధి అంటే చదివేవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఒట్టి సిస్ట్ అంటే ఎవరికి తెలుస్తుంది?

అస్థిపంజరం విషయంలో మీ అనుమానం కరెక్టే. పంజరం అన్నాక ఎముకలు ఒకదానికొకటి అమరి ఉండాలి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వినవి చూడండి, పలకల్ని స్వస్తిక్ ఆకారంలో ఒకదాని అంచు దాటి ఇంకోటి వచ్చేలా నిలబెట్టారు, చుట్టూ మట్టి ఎంత నెట్టినా లోపలికి పడవు, తూర్పు పలకకి గుండ్రటి కంత. లోపల ఇనప పనిముట్లు, లోపలా మూతి దగ్గరా నల్లగా బయట ఎర్రగా ఉండే కుండలు, వాటితోపాటు మనుషుల ఎముకలు. శవాన్ని అలాగే పెట్టింది కాదు, వేరేచోట ఎముకలు మిగిలాక ఏరి తెచ్చి పెట్టినవి. అలాంటప్పుడు అస్థికలు అనాలి, లేదా హాయిగా ఎముకలు అంటే చాలు.

ఇంకోటి, అస్తిపంజరం అని త ఒత్తుతో వేశారన్నారు, చాలామంది అలాగే రాస్తున్నారు కూడా. ఎముక అనే అర్థంలో అస్థి, థ ఒత్తు ఉండాల్సిందే. సంస్కృతంలో అస్తి అంటే ఉంది అని.