డాంగిల్ కొనేముందు చదువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి, సిమ్ వేసి యూఎస్‌బీకి గుచ్చే నెట్ డాంగిల్ కొంటావట. కాస్త ఆగు.

2001లో నేనూ అక్కడే ఒక ఇంటర్నల్ మోడెమ్ కొన్నాను, ఫోన్ లైన్ మీద నెట్ కలపడానికి కంప్యూటర్ లోపల బిగించే కార్డు అది. విండోస్‌లో కీచుమంటూ కలిసేది, లినక్స్‌లో ఉలుకూ పలుకూ లేదు. రెండు రాత్రులు కూర్చున్నాక తెలిసింది, అది విన్‌మోడెమ్ అని. సిగ్నల్ తయారుచేసే పని కార్డు చేయదు, విండోస్ డ్రైవరు, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, ప్రాసెసర్ చేత చేయిస్తుంది. లినక్స్‌కి ఆ డ్రైవర్ ఎవరూ ఇవ్వలేదు. తర్వాత సీరియల్ పోర్టుకి తగిలించే ఎక్స్‌టర్నల్ మోడెమ్ తెస్తే మొదటి డయల్‌కే కలిసింది. తన పని తనే చేసుకునే పరికరమే మనకి కావాలి నాన్నా.

డాంగిల్‌తో వచ్చే టెన్షన్ వేరు. చాలావాటిని గుచ్చగానే మోడెమ్ కనిపించదు, విండోస్ సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీ కనిపిస్తుంది. అది చూసే చాలామంది "లినక్స్‌లో రాదు" అనేస్తారు. దాన్ని మోడెమ్‌గా మార్చేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్. నీ సిస్టమ్‌లో ఉందో లేదో ఇప్పుడే, రూమ్ వైఫై ఉండగానే చూసుకో. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొడితే డాంగిల్ నంబరు వస్తుంది. నా పాత హువావే డాంగిల్‌కి మొదట 12డీ1:1446 అని వచ్చేది. కొన్ని సెకన్లాగి మళ్లీ కొడితే 1446 పోయి 1001 ఉండేది. నంబరు మారిందంటే మోడెమ్ మేలుకున్నట్టే.

అసలు హువావే వాళ్ల హైలింక్ రకం దొరికితే అదే తీసుకో. సిమ్‌తో మాట్లాడేదంతా అదే చూసుకుంటుంది, మింట్‌కి మామూలు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. 3జీ మాత్రమే పట్టేది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, జియో, ఎయిర్‌టెల్ సిమ్‌లకి అది పనికిరాదు. రూమ్‌కి ఫైబర్ వస్తే ఈ గొడవే లేదు, బాక్స్ నుంచి ల్యాన్ వైరు లాగితే చాలు.

డబ్బా మీద పేరు చూసి నమ్మకు. ఒకే మోడల్ పేరుతో లోపల చిప్ మార్చేస్తుంటారు. టీపీ-లింక్ 722ఎన్ వైఫై డాంగిల్ మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ చిప్, రెండో దాంట్లో రియల్‌టెక్. మొదటిది లినక్స్‌లో హాయిగా నడిచేది, రెండోది చాలామందిని ఏడిపించింది.

అందుకని ల్యాప్‌టాప్, సిమ్ రెండూ షాపుకి పట్టుకెళ్లు. కౌంటర్ దగ్గరే పెట్టి చూడనివ్వమని అడుగు, ఒప్పుకోకపోతే పక్క షాపుకి వెళ్లు. ఒక పేజీ తెరుచుకున్నాకే డబ్బులివ్వు. ఏదైనా తేడా వస్తే ఆ నంబరు ఫోటో తీసి నాకు పంపు, శనివారమంతా ఇంట్లోనే ఉంటాను.

నీ మామయ్య